ట్యాంకు కొద్దీ ఇడ్లీ

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరూ చావరు. చచ్చేంత పని మాత్రం ఒకరికి అవుతుంది, ఆ ఒకరు నేనే. ఒక జర్మన్ పెద్దాయన ఇంటి కింద బీరు కాయడానికి నా చేతులతో నేను కట్టిన యంత్రం సరిగ్గా ఈస్టర్ పండుగ నాడు నా కొంప ముంచింది. పోనీ దాన్ని తిట్టుకుందామంటే అదీ కుదరదు. అది నేను చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ఇన్నేళ్ళలో నా మాట విన్నది అదొక్కటే. విని ఏం చేసిందో మీరూ వినండి.

నా పిరికితనం సంగతి తెలియకపోతే మిగతాది నమ్మరు. నేను బస్సులో ఆపమనే బటన్ నొక్కను. ఎవరో ఒకరు నొక్కుతారులే అని కూర్చుంటాను. ఎవరూ నొక్కకపోతే తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడుచుకుంటూ వస్తాను. బేకరీలో నాకు కావలసిన రొట్టె పేరు పలకడానికి భయపడి, నా ముందున్న ముసలావిడ ఏది కొంటే అదే కొనేదాన్ని. అలా ఒక చలికాలమంతా గసగసాల రొట్టె తిన్నాను. నాకు గసగసాలు పడవు. ధారాళంగా మాట్లాడేది నా డైరీతోనే. అందులో నేను మహావక్తను.

ఇలాంటి మనిషి బాపట్ల నుంచి జర్మనీలోని ఆకెన్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చి, గది వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. గది ఉంటేనే ఆన్‌మెల్డుంగ్, అంటే ఊళ్ళో ఉంటున్నామని నమోదు. ఆ నమోదు లేకపోతే ఏ ఆఫీసు కిటికీ దగ్గరా మనం మనుషులం కాము. ఒక్కో గది చూడటానికి ఇరవై మంది వరుసలో నిలబడేవాళ్ళం. ఇంటివాళ్ళు ఏదో ఒకటి అడిగేవారు, నేను నవ్వేదాన్ని, గది పక్కవాడికి పోయేది. నెలల తరబడి స్నేహితురాలి గదిలో నేలమీద పడుకున్నాక, హెర్ లెన్నార్ట్స్ అనే రిటైర్డ్ ఇంజనీరు తన ఇంటి పైకప్పు కింది గది నాకిచ్చారు. ఎందుకిచ్చారో అప్పుడు తెలియలేదు. ఎక్కువ మాట్లాడనని ఇచ్చారనుకున్నాను. ఆ గది పోతే నాకు మళ్ళీ నేలే గతి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, నేను ఆ రోజుల్లో క్షణం కూడా మరిచిపోలేదు.

మొదటి రోజే ఆయన నన్ను ఇంటి కింది కెల్లర్‌లోకి తీసుకెళ్ళారు. నేలమాళిగ నిండా మెరిసే స్టీలు ట్యాంకులు. ఆయన సొంత బీరు అక్కడే కాచుకుంటారు. (ఆయన మాట్లాడేది జర్మనే, మన సౌకర్యం కోసం తెలుగులో రాస్తున్నాను. హెర్, ఫ్రౌ అంటే మన ‘గారు’ లాంటివే.)

“ఈ ఇంట్లో ఒక్కటే నియమం, ఫ్రౌ కెజియా. నా పాత్రల్లో బీరు తప్ప ఇంకేదీ పడకూడదు. మీకు ముందున్న అబ్బాయి ఒకసారి నిమ్మరసం పోశాడు.”

“ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడండీ?”

“ఇక్కడ లేడు.”

ఆ రాత్రి కలలో ఎవరో అబ్బాయి చేతిలో నిమ్మకాయ పట్టుకుని మంచులో నడుచుకుంటూ పోతున్నాడు.

గది ఎందుకిచ్చారో వారం తిరక్కుండానే తెలిసింది.

“మీరు చదివేది ఆటోమేషన్ కదా? నాకు మోకాళ్ళు అరిగిపోయాయి. గంటగంటకీ మెట్లు దిగి వేడి ఎంతుందో చూడలేను. ఇదంతా దానంతటదే నడిచేలా చేయగలరా?”

మా నాన్న బాపట్లలో మా చర్చి సంఘంలో పెద్ద. మా ఇంట్లో దగ్గు మందు కొన్నా, అందులో ఆల్కహాల్ ఉందేమోనని సీసా వెనక అక్షరాలు భూతద్దం పెట్టి చదివేవారు. ‘క్షమించండి, మా ఇంట్లో ఇవి నిషిద్ధం’ అనే వాక్యాన్ని తలలో జర్మన్‌లో కూర్చుకున్నాను. క్రియ కూడా సరైన చోటే పెట్టాను. నోరు తెరిచాను. నోరు “యా” అంది.

ఇక ఆ చలికాలమంతా కాలేజీ, కెల్లర్, డైరీ. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్ళకి అది పాపంలా అనిపించడం మానేసి ప్రాజెక్టులా అనిపించడం మొదలుపెట్టింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ దానంతటదే నలుగుతుంది. నీళ్ళు వాటంతటవే కాగుతాయి. పంపు ఒక ట్యాంకులోది ఇంకో ట్యాంకులోకి తోడుతుంది. చేదు కోసం వేసే హాప్స్ పూలు, మాత్రల డబ్బాతో నేను చేసిన చిన్న అరల్లోంచి సమయానికి రాలతాయి. ఏం జరిగినా నా ఫోనుకి మెసేజ్ వస్తుంది, ఆయన వంటింట్లో గోడమీది స్క్రీన్‌లో కనిపిస్తుంది. ఒక్క షరతు మాత్రం ఆయన వదల్లేదు. యంత్రాన్ని ఆపాలంటే దాని ఎదుట నిలబడి చేత్తోనే ఆపాలి. ఫోన్లోంచి ఆపితే దొంగలెవరైనా కూడా ఆపగలరని ఆయన అనుమానం.

“ఏం ప్రాజెక్టమ్మా?” అని నాన్న వీడియో కాల్‌లో అడిగేవారు.

“ద్రవాల ఉష్ణోగ్రత నియంత్రణ, నాన్నా.”

“మంచిది తల్లీ. నలుగురికి పనికొచ్చేది చెయ్యి.”

“నలుగురికన్నా ఎక్కువమందికే పనికొస్తుంది నాన్నా.”

అన్నిటికంటే నేను గర్వపడింది ఆవిరి శుద్ధి చూసి. ప్రతి ఆదివారం ఉదయం యంత్రం ట్యాంకులన్నీ చూసుకుంటుంది. బీరున్న ట్యాంకు జోలికి పోదు. ఖాళీ ట్యాంకు కనిపిస్తే గంటసేపు బుసబుసమని ఆవిరి పట్టి, సూక్ష్మజీవి అన్నది లేకుండా కడిగేస్తుంది. ఆదివారమే ఎందుకంటే ఆ వేళ ఆయన తన చర్చిలో, నేను మా చర్చిలో ఉంటాం. ఆ బుస వినడానికి నాకు భయం.

ఇప్పుడు ఎస్తేరు అక్కని ప్రవేశపెట్టాలి. ఆస్పత్రిలో నర్సు, కాకినాడ మనిషి, మా తెలుగు క్రైస్తవ సహవాసానికి ఆవిడే ఇంజను. ఈస్టర్‌కి కొండమీద సూర్యోదయ ఆరాధన, తర్వాత హాల్లో అందరికీ టిఫిన్.

“కెజియా, ఈసారి ఇడ్లీపిండి నీదే.”

“అక్కా, అరవై మందికి నేను...”

“అందరికీ చెప్పేశానమ్మా. పోయినేడు ప్రసాదన్నయ్య తెచ్చిన పిండి పులవలేదు. ఆ ఇడ్లీలు కారు చక్రాల కింద పెట్టుకోడానికి పనికొచ్చాయి. నువ్వు చదువుకున్నదానివి, ఏదో ఒకటి ఆలోచించు.”

“సరే అక్కా.”

చదువుకున్నదాన్ని కాబట్టి ఆలోచించాను. ఇక్కడి వాతావరణంలో పిండి పులవదు. హీటర్ పక్కన పెట్టినా, దుప్పటి కప్పినా, ప్రార్థన చేసినా పులవదు. అంత పిండికి నా గదిలో అంత గిన్నె కూడా లేదు. మరి పులియబెట్టడానికే పుట్టి, పగలూ రాత్రీ ఒకే వెచ్చదనంలో ఉంచే పాత్ర ఆకెన్‌లో ఎక్కడుంది? నా మంచం కింద మూడంతస్తులు దిగితే ఉంది.

హెర్ లెన్నార్ట్స్ గుడ్ ఫ్రైడే నాడు హానోవర్‌లో ఉన్న కూతురింటికి వెళ్తూ, “ఆదివారం మధ్యాహ్నానికి వస్తాను, బీరు జాగ్రత్త,” అన్నారు. “యా,” అన్నాను. ఆ మాటలో ఎంత ద్రోహం ఉందో ఆయనకి వినపడలేదు.

శనివారమంతా మినప్పప్పు రుబ్బాను. అక్క ఇచ్చిన గ్రైండరు మూలిగినప్పుడల్లా, ఇంట్లో ఎవరూ లేరని తెలిసీ తలుపు వైపు చూశాను. ఇడ్లీ రవ్వ కలిపాను, ఉప్పు వేశాను. బకెట్లతో మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టు మీదా ఒక చుక్క పడింది. వెనక్కి తిరిగి ఒక్కొక్క చుక్కా గుడ్డతో తుడిచాను, హత్య చేసినవాళ్ళలా. రెండో నంబరు ట్యాంకు కడిగి సిద్ధంగా ఉంది. పిండి పోసి, మూత బిగించి, వెచ్చదనం మీట చేత్తో తిప్పాను.

యంత్రం స్క్రీన్ మీద అడిగింది: ట్యాంకు రెండులో ఏముంది?

పాఠకులారా, ఇక్కడే నా చదువు నన్ను ముంచింది. ‘ఇడ్లీ’ అని కొడితే వంటింటి స్క్రీన్ మీద ఇడ్లీ అని పడుతుంది, ఆయన వచ్చి చూస్తారు. బీరు పేరు కొడదామంటే ఆ అబద్ధం తెల్లారాక కూడా స్క్రీన్ మీదే ఉంటుంది, తెల్లారితే ఈస్టర్ ఆదివారం. అందుకని ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. చెప్పనిదే యంత్రానికైనా తెలియదని ఎవరూ అనలేదు.

కొండమీద చలి. గాలికి పాటల కాగితాలు ఎగురుతున్నాయి. ఎదురుగా సూర్యుడు వస్తున్నాడు. బోధకుడు, తెల్లవారుజామున సమాధి దగ్గరికి నడుస్తూ ‘ఆ రాయి ఎవరు దొర్లిస్తారు’ అని దిగులుపడ్డ స్త్రీల గురించి చెబుతున్నారు. నా జేబులో ఫోను వణికింది. తీసి చూశాను.

‘ట్యాంకు రెండు: ఖాళీ. ఆవిరి శుద్ధి మొదలైంది.’

నా కళ్ళముందు కొండ ఒకసారి గుండ్రంగా తిరిగింది. బీరు కాదంటే ఖాళీ. దానికి లోకంలో ఆ రెండే తెలుసు, నేర్పింది నేనే. మళ్ళీ వణికింది: వేడి డెబ్బై. మళ్ళీ: ఎనభై. నా కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. పక్కనున్న అక్క నా భుజం నిమిరి, వెనకావిడతో గుసగుసగా అంది: “పిల్లని వాక్యం పట్టుకుంది.”

వాక్యం కాదు, ఆవిరి.

“అక్కా, ఇంటికెళ్ళాలి. ఇప్పుడే.”

“పిండికేగా? ఆమెన్ అయ్యాక నేనే కార్లో తీసుకెళ్తాలే.”

“నేను బస్సులో వెళ్తానక్కా, నువ్వు రావొద్దు.”

“పండగ పూట బస్సేంటి? అంత పిండి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటావా? పద.”

ఆ కారులో నా పరిస్థితి ఏమని చెప్పను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు బ్రూవరీ, పక్క సీట్లో ఎస్తేరు అక్క, హానోవర్ నుంచి హెర్ లెన్నార్ట్స్. ఇంటి ముందు దిగి, “నువ్వు కార్లోనే ఉండక్కా,” అని బతిమాలాను. అప్పటికే ఆవిడ రెండు గిన్నెలు చంకన పెట్టుకుని తలుపు దగ్గరుంది.

కెల్లర్ తలుపు తీయగానే ఆవిరి ముఖాన కొట్టింది. ఆవిరితోపాటు ఒక వాసన. కళ్ళు మూసుకుంటే అచ్చం బాపట్లలో మా వంటింట్లో ఉదయం ఏడు గంటల వాసన. ఉరికి వెళ్ళి యంత్రం ఆపాను.

“ఏంటమ్మా ఈ డ్రమ్ములు?” అంది అక్క.

“ఇంటాయనవక్కా. బార్లీ... బార్లీ కాస్తారు.”

“మంచిదే. మా అమ్మా ఎండాకాలం బార్లీ నీళ్ళు కాచేది. ఒంటికి చలవ. ఇంతకీ పిండేది?”

నేను రెండో ట్యాంకు మూత మరలు విప్పాను. మూత దానంతటదే పైకి లేచింది. దాని కింద, తెల్లగా, ఉబ్బుగా, అంచులు మూతని ఒరుసుకుంటూ, చంద్రుడంత ఇడ్లీ. ఒకటే ఇడ్లీ. పిండి కొద్దీ రొట్టె అని మా అమ్మ వందసార్లు చెప్పింది గానీ, ట్యాంకు కొద్దీ ఇడ్లీ వస్తుందని ఒక్కసారీ చెప్పలేదు.

అక్క చాలాసేపు చూసింది. ఆస్పత్రిలో ఎన్నో చూసిన మనిషి. చివరికి వేలితో నొక్కింది. అది లోపలికి వెళ్ళి మళ్ళీ పైకొచ్చింది.

“నూనె రాశావా?”

“ట్యాంకుకా అక్కా?”

“మరి నాకా? నూనె రాయకుండా ఎవరు పోస్తారే ఇడ్లీ? ఇప్పుడెలా ఊడొస్తుంది? అరవైమంది చట్నీ పెట్టుకుని కూర్చున్నారక్కడ. సరే, ప్లేటు ఊడకపోతే ఏం చేస్తాం? వెనక నీళ్ళు చల్లుతాం. దీని వెనక ఎక్కడుంది?”

బీరు చల్లబరచడానికి ట్యాంకు గోడల్లో చన్నీళ్ళు తిరిగే ఏర్పాటుంది. దాన్ని తిప్పాను. లోపల ఎక్కడో చిన్నగా ‘చుయ్’మంది. ట్యాంకు కింద నా పక్కదుప్పటి పరిచాం. ఇద్దరం కలిసి ట్యాంకుని మెల్లగా వాల్చి, పక్కలు తట్టాం. అక్క పసిపిల్లల వీపు తట్టినట్టు తడుతోంది, నేను తలుపు తట్టినట్టు భయంగా తడుతున్నాను. కాసేపటికి అది కదిలింది. జారింది. ‘థప్’ మని దుప్పటి మీద పడి, ఒకసారి ఊగి, నిలబడింది.

అదే క్షణంలో మెట్ల మీద బూట్ల చప్పుడు ఆగింది.

హెర్ లెన్నార్ట్స్. కూతురింట్లో బీరు బాగోలేదని రాత్రే రైలెక్కేశారట. టోపీ తలమీదే ఉంది, పెట్టె చేతిలోనే ఉంది. ఆయన నన్ను చూశారు, పట్టుచీర కొంగు నడుముకి దోపుకున్న అక్కని చూశారు, దుప్పటి మీద ఆవిర్లు కక్కుతున్న తెల్లటి కొండని చూశారు.

“ఇది ఏమిటి?”

“ఇడ్లీ,” అన్నాను.

“నా ట్యాంకులోంచి వచ్చిందా?”

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎప్పుడూ ఒక్క మాటకి మించి మాట్లాడని నేను, పిండి గురించి, చలి గురించి, స్క్రీన్ అడిగిన ప్రశ్న గురించి మొత్తం చెప్పేశాను. జర్మన్ క్రియలు ఒక్కటీ వాటి చోట లేవు. చివరికి, “నెలాఖరుకి గది ఖాళీ చేస్తాను,” అన్నాను. చెబుతుంటేనే స్నేహితురాలి గదిలోని నేల చల్లదనం వీపుకి తగిలింది.

ఆయన ముఖం పాలిపోయింది. పెట్టె కింద పెట్టారు.

“ఎందుకు? ఇంకెవరైనా ఇంతకంటే పెద్ద బ్రూవరీ ఉన్నవాళ్ళు గది ఇస్తామన్నారా?”

“లేదండి. మీ నియమం తప్పాను కదా.”

“నియమం.” ఆయన మెట్టుమీద కూర్చున్నారు. “ఫ్రౌ కెజియా, మీరు వెళ్ళిపోతే ఈ యంత్రం ఎవరు నడుపుతారు? నాకు రాదు. పోయిన నెల మీరు కాలేజీలో ఉన్నప్పుడు ఎర్రలైటు వెలిగింది. నేను భయపడి ప్లగ్గు పీకేసి, మీరొచ్చేదాకా ఇదే మెట్టు మీద కూర్చున్నాను. మీకు చెప్పడానికి సిగ్గేసింది. మీ చదువు అయిపోతే వెళ్ళిపోతారని తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు.”

నేను ఆయన దగ్గుకి భయపడి వేళ్ళమీద నడిచిన ఆ ఇంట్లో, ఆయన నా ముభావానికి భయపడి నోరెత్తలేదట. ఒకరంటే ఒకరికి భయంతో ఇద్దరం ఎంత ప్రశాంతంగా బతికామో.

ఆయన లేచి, పొడుగాటి థర్మామీటరు తెచ్చి, ఇడ్లీ నడిబొడ్డున గుచ్చారు. కళ్ళజోడు సర్దుకుని చదివి తల ఊపారు. “మధ్య దాకా ఆవిరి చేరింది. మంచి పని. ట్యాంకు మాత్రం మీరే తోమాలి.” అని మూడో ట్యాంకు నుంచి ఒక గ్లాసు నింపి, పండుగ పూట ఇంటికొచ్చిన అతిథికి మర్యాదగా అక్క చేతిలో పెట్టారు.

అక్క గ్లాసు వైపు చూసింది. నురగ వైపు చూసింది. తర్వాత నా వైపు.

“కెజియా, బార్లీ నీళ్ళకి నురగ రాదు.”

“రాదక్కా.”

“మీ నాన్నకి తెలుసా?”

“ద్రవాలని తెలుసక్కా.”

గ్లాసుని ఆయన చేతికే మర్యాదగా తిరిగిచ్చి, “డాంకె” అని జర్మన్‌లో థాంక్స్ చెప్పి, తెలుగులో నాతో అంది: “ఇది ఎక్కడ ఉడికిందో పైన ప్రభువుకి తెలుసు, కింద మనకి తెలుసు. ఇంకెవరికీ తెలియక్కర్లేదు. ఆ చివర పట్టుకో.”

దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని, తేలు కుట్టిన దొంగల్లా దాన్ని కారు వెనక సీటుకి చేర్చాం. హెర్ లెన్నార్ట్స్ దానికి సీటు బెల్టు పెట్టారు. హాల్లో అక్క ఎవరికీ మాట్లాడే సందివ్వకుండా, బలమైన దారం తీసుకుని దాన్ని ఇటుకల్లా కోసేసింది. “ఈసారి కేకు మోడల్,” అని ప్రకటించింది. ఇక్కడి సంఘ పెద్ద రెండోసారి వడ్డించుకుని నా దగ్గరికి వచ్చారు.

“ఇంత మెత్తటి ఇడ్లీ జర్మనీకి వచ్చాక తినలేదు తల్లీ. ఏం కలిపావు?”

“ఏమీ కలపలేదంకుల్.”

ఎస్తేరు అక్కకి సాంబారు కొరబోయింది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. సోమవారం పొద్దున్న నా తలుపు దగ్గర హెర్ లెన్నార్ట్స్ నిలబడి ఉన్నారు. రాత్రంతా ఆలోచించారట. వేసవిలో వాళ్ళ చర్చి పండుగ ఉంది. ఊరందరికీ బంగాళదుంప ఉండలు ఉడికించాలి. ఒక్కొక్కటీ చేత్తో చుట్టడం ఎంత వృథా. రెండో ట్యాంకులో ఒకటే పెద్ద ఉండ చేసి, నిన్న నేను చెప్పినట్టు దారంతో కోసేస్తే సరిపోదా?

‘వద్దండి, దయచేసి వద్దు’ అనే వాక్యం తలలో తయారైంది. నోరు తెరిచాను. అది ఏమందో మీకు తెలుసు.

కాబట్టి, ఈ రాత పూర్తిచేస్తున్న ఈ ఘడియలో, కుడిచెయ్యి గుండెలమీద పెట్టుకుని, వణుకుతూనే గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరెంత బతిమాలినా, ఏ పండుగ ముంచుకొచ్చినా, ఆకాశం విరిగి మీద పడినా, ఈ జన్మలో ఇంకెప్పుడూ నూనె రాయకుండా ట్యాంకులో పిండి పోయను.